ఎర్రదీపం వెలిగితే నడుస్తున్నట్టు

మామ చనిపోయిన నెలకు అత్తమ్మ ఫోన్ చేసింది. చిక్కడపల్లి ఇల్లు బిల్డరుకు అప్పజెప్పాలట, సామాను తీయాలట, అటక ఎక్కే ఓపిక తనకు లేదట. "మీ బాపును గూడ తీస్కరా" అని మరీ మరీ చెప్పింది. బాపుకు ప్రయాణాలు పడవు. ఏళ్ల తరబడి బొగ్గుదుమ్ము పీల్చిన మనిషి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా మాట ఎత్తగానే తువ్వాల భుజాన వేసుకుని బయల్దేరాడు. అటక మీద ఇత్తడి గుండిగల వెనక, పాత దుప్పట్లో చుట్టిన చెక్క ఒకటి నా చేతికి తగిలింది. విప్పకముందే అదేమిటో తెలిసిపోయింది. చప్పుడు చేయకుండా మళ్లీ లోపలికి నెట్టేద్దామా అనిపించింది, అబద్ధం ఎందుకు. ఈలోపే కింద నుంచి అత్తమ్మ "ఏందిరా అది?" అంది. మామ బోర్డని చెప్పాను. "కిందికి తే. అది నీదే గద" అంది.

అది మూరెడు పొడుగు చెక్క. దాని మీద మూడు వరసలు, వరసకు రెండు చిన్న బల్బులు, బల్బుల మీద రంగు ప్లాస్టిక్ మూతలు. ఎడమవైపు ఆకుపచ్చవి, కుడివైపు ఎర్రవి. వెనక స్విచ్‌లు. ఒక్కో వరసను ఒక్కో మోటారు అనుకోవాలి. బొగ్గుతో కరెంటు తీసే థర్మల్ స్టేషన్‌లో, కంట్రోల్ రూం గోడ పొడుగునా ఉండే ప్యానెల్‌కు అది మామ చేసిన నకలు. నాకు ఆపరేటర్ పని నేర్పడానికి కోఠిలో సామాను కొనుక్కొచ్చి, వరండాలో కూర్చుని తయారు చేశాడు. ఆ పనిలో మొదటి పాఠం వింతగా ఉంటుంది. రోడ్డు మీద ఎరుపంటే ఆగు, ఆకుపచ్చంటే పో. కంట్రోల్ రూంలో తిరగబడి ఉంటుంది. ఎర్రదీపం వెలిగితే మోటారు నడుస్తున్నట్టు, దగ్గరికి పోకు, చెయ్యి పెట్టకు. ఆకుపచ్చ వెలిగితే అది ఆగి ఉన్నట్టు. ఏ మనిషిని మిషన్ దగ్గరికి పంపాలో, ఎవరిని ఆపాలో చెప్పేది ఆ రెండు దీపాలే. అందుకే ఆ ఉద్యోగానికి రాతపరీక్ష ఒక్కటే చాలదు, కళ్లకు రంగులు కనిపిస్తాయని డాక్టరు కూడా ఒప్పుకోవాలి.

నాకు ఎరుపూ ఆకుపచ్చా విడివిడిగా కనిపించవు. రెండూ వెలిసిన పసుపులాగే ఉంటాయి. ఇప్పుడు ఎంత తేలిగ్గా రాసేస్తున్నానో! అప్పుడు ఈ ఒక్క వాక్యం నోట్లోంచి రావడానికి ప్రాణం పోయినంత పనయింది. బళ్లో మ్యాపుకు రంగులేస్తే సారు చెవి మెలేసేవాడు, పరధ్యానం అనుకునేవాడు. నేనూ అదే అనుకున్నాను. టమాటాలు తెమ్మంటే పచ్చి కాయలు తెచ్చి అమ్మతో తిట్లు తినేవాణ్ని. దానికో పేరుందనీ, అది బతుకుదెరువుకు అడ్డం పడుతుందనీ మా ఊళ్లో ఎవరు చెప్తారు? రంగు అడిగితే తడబడకుండా ముందు ఇంకొకరి చేత అనిపించి, తర్వాత అవునవును అనడం మాత్రం చిన్నప్పుడే అబ్బింది.

మామ అంటే మా అమ్మకు సొంత అన్న. మా ఊరి పక్కనున్న పాత థర్మల్ స్టేషన్‌లో పర్మనెంట్ ఆపరేటర్‌గా చేరి, కంట్రోల్ రూం షిఫ్ట్ ఇన్‌చార్జిగా రిటైర్ అయ్యాడు. మా బాపు అదే స్టేషన్‌లో బొగ్గు దగ్గర కాంట్రాక్ట్ లేబర్. ఒకే గేటులోంచి పోయేవాళ్లు, కానీ ఒకరు ఏసీ గదిలోకి, ఒకరు దుమ్ములోకి. బాపు ఎడమచేతికి బొటనవేలు తప్ప మిగతా వేళ్లు లేవు. నేను ఊహ తెలియని వయసులో ఉండగా ఫీడర్‌లో పడి పోయాయి. ఫీడర్ అంటే బొగ్గును మిల్లులోకి పంపే ఇనుప పెట్టె, లోపల గొలుసు మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఎవరైనా అడిగితే బాపు ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు: "ఎవ్వల్ని అడుగకుండ చెయ్యి పెట్టిన. నాదే తప్పు." ఎంక్వయిరీలోనూ అదే చెప్పాడట. తప్పు తనదే అని ఒప్పుకున్న లేబరును పర్మనెంట్ చేస్తారా? చేయలేదు. మిగిలిన బొటనవేలితో పార పట్టుకుని అక్కడే ఊడ్చే పనిలో ముసలివాడైపోయాడు. ఆయనకున్న కోరిక ఒక్కటే, నేను ఆ ఏసీ గదిలో కూర్చోవాలి. "కొడుకు లోపలికి పోవాలె" అనేవాడు. లోపల అంటే మా ఇంట్లో కంట్రోల్ రూమే, ఇంకోటి కాదు.

అందుకని డిప్లొమా కాగానే నన్ను చిక్కడపల్లికి తోలారు. అది అత్తమ్మ పుట్టిల్లు, మామ రిటైరయ్యాక ఇద్దరూ అక్కడే ఉన్నారు. పిల్లల్లేరు. మార్కెట్ వెనక సందులో పాత పెంకుటిల్లు, ముందు వరండా, పెరట్లో బోరు మోటారు. పొద్దున్నే మార్కెట్లో దించే కొత్తిమీర వాసన, బేకరీ నుంచి బిస్కెట్ల వాసన, వాటిని తొక్కేసుకుంటూ మురుగు వాసన. నేను పుస్తకాలు చంకన పెట్టుకుని మెయిన్ రోడ్డు మీదుగానో అడ్డదారినో అశోక్‌నగర్ కోచింగ్‌కు నడిచేవాణ్ని. గోడ కనిపించకుండా కోచింగ్ ఫ్లెక్సీలు, జిరాక్స్ షాపుల ముందు క్యూలు, మెస్సుల్లో నీళ్ల పప్పు, ఒక్క గదిలో ఆరేడుగురు, అందరికీ ఒకటే మాట, నోటిఫికేషన్. తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజులు, ఎప్పుడు బస్సు ఆగుతుందో ఎప్పుడు క్లాసు పోతుందో తెలియదు. పొద్దున ఊరేగింపులో గొంతు పోయేలా అరిచి వచ్చి, మధ్యాహ్నం బాయిలర్ డ్రమ్ లెవెల్ గురించి చదివేవాళ్లం. మేం కరెంటు తయారు చేయడం చదువుకుంటూ ఉంటే ఆ కరెంటే ఉండేది కాదు, రోజూ కోత. కరెంటు పోయినప్పుడల్లా మామ తనను ఎవరో తిట్టినట్టు మొహం పెట్టి, "ఏ యూనిట్ ట్రిప్పయిందో" అనేవాడు.

మామ రిటైరయ్యాడు గానీ ఆయనలో ఆపరేటర్ రిటైర్ కాలేదు. లేవగానే ఇల్లంతా ఒక రౌండు కొట్టాలి. ఫ్రిజ్ మీద అరచెయ్యి పెట్టి వేడి చూసేవాడు. బోరు మోటారుకు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకుని వినేవాడు. బేరింగ్ పోయే ముందు ఎట్లా మూలుగుతుందో నాకు అట్లాగే నేర్పాడు. ఆ తర్వాతే చాయ్. అత్తమ్మ మడతపెట్టి ఇచ్చిన తెల్లచొక్కా తొడుక్కునేవాడు. బీరువా తెరిస్తే అన్నీ తెల్లవే. కూరగాయలకు ఎప్పుడూ అత్తమ్మే, మార్కెట్ ఇంటి వెనకే ఉన్నా ఆయన అడుగు పెట్టేవాడు కాదు. బండి ఉన్నా నడిపేవాడు కాదు. నారాయణగూడ చౌరస్తాలో నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, పదిమంది కదిలితేనే కదిలేవాడు. మామకు నా మీద ఎంత ప్రేమ అనుకునేవాణ్ని. ఎవరు ఎవరి మీద ఆధారపడి ఆ రోడ్డు దాటామో తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

నేర్చుకోవడంలో నేను వెనకబడలేదు, ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. వారానికోసారి ఊరి చివరి ఇన్‌స్టిట్యూట్‌లో సిమ్యులేటర్ మీద కూర్చోబెట్టేవారు. ఏదో మూతపడిన స్టేషన్ నుంచి ఊడదీసి తెచ్చిన పాత ప్యానెల్ అది, దీపాలన్నీ వరసలో, ఆకుపచ్చ ఎడమన, ఎరుపు కుడిన. నాకు రంగులతో పనేముంది? కుడిది వెలిగితే నడుస్తోంది, ఎడమది వెలిగితే ఆగింది. బాయిలర్‌కు నీళ్లు పంపే ఫీడ్‌పంపు ఆగిపోయి గంట మోగితే మిగతావాళ్లు ఇంకా మొహాలు చూసుకుంటుండగానే నా చెయ్యి రెండో పంపు స్విచ్ మీద ఉండేది. నేర్పే సారు వెనక నుంచి నా భుజం తట్టి, "పుట్టు ఆపరేటర్‌వురా నువ్వు" అన్నాడు. ఆ మాట నేను ఫోన్లో బాపుకు చెప్తే, ఆయన పక్కనున్న వాళ్లందరికీ చెప్పాడు. తర్వాత నోటిఫికేషన్ వచ్చింది. రాతపరీక్ష పాసయ్యాను. ఇక మిగిలింది మెడికల్ ఒక్కటే. అది దాటితే మా ఊరి స్టేషన్‌లోనే ఆపరేటర్ ట్రైనీ.

ఆ దసరాకు ముందు అత్తమ్మ ఇల్లు దులిపింది. బూజులు దులిపి, గిన్నెలు తోమి, ఊరుకోక మామ బోర్డు మీద దుమ్ము కూడా తుడవబోయింది. బల్బుల మూతలు విప్పి, సబ్బునీళ్లలో నానేసి, తుడిచి మళ్లీ బిగించింది. ఆ మర్నాడు పొద్దున మామ ఎప్పటిలాగే వరండాలో బోర్డు గోడకానించి, వెనక చెయ్యి పెట్టి స్విచ్‌లు వేస్తూ ప్రశ్నలు మొదలుపెట్టాడు. "మొదటి ఫీడర్?" కుడిది వెలిగింది. "నడుస్తున్నది మామా." "శభాష్. రెండోది?" ఎడమది. "ఆగింది." "మూడోది?" "నడుస్తున్నది." చాయ్ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడ్డ అత్తమ్మ నవ్వింది. "ఏందిరా, నిద్రల ఉన్నవా? పచ్చది వెలుగుతాంటె నడుస్తున్నదంటవు?" అంది.

మామ ఆమె వైపు తిరిగి, "ఏడ పచ్చది? కుడిదిక్కు ఎర్రదే గద" అన్నాడు కసిరినట్టుగా. నేనూ, "ఎర్రదే అత్తమ్మా" అన్నాను. ఇద్దరం ఒక్క మాట మీదే ఉన్నాం కదా మరి! అత్తమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది. "అయ్యో, నేనే మూతలు అటుదిటు పెట్టిన" అంది. అని, అక్కడే ఆగిపోయింది. ఆమె మామ మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది. చేతిలో గ్లాసులు గడప మీద పెట్టి, నేల మీద కూలబడింది. మామ సంగతి ఆమెకు పెళ్లైన కొత్తలోనే తెలుసు. నా సంగతి అప్పుడే తెలిసింది. నాకు మాత్రం ఇద్దరిదీ ఒకేసారి తెలిసింది.

"నీకు గూడనారా?" అంది అత్తమ్మ. నేను తలూపాను. మామ స్విచ్‌లన్నీ ఒక్కొక్కటే ఆపేసి, చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. తెల్లచొక్కాలు, మార్కెట్, చౌరస్తాలో మోచెయ్యి, అన్నీ ఒక్కసారిగా నా ముందుకొచ్చి నిలబడ్డాయి. ఆయన చేరిన కాలంలో ఈ పరీక్షలు సరిగా పెట్టేవారు కాదట. నౌకరి అంతా కుడి ఎడమల లెక్క మీదే నడిపాడు. అది మా అమ్మ వైపు నుంచి వచ్చే గుణమనీ, ఆడవాళ్లకు తెలియకుండానే కొడుకులకు ఇస్తారనీ నాకు చాలా తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. ఆ పొద్దున మాత్రం నాకు అదంతా ఏమీ పట్టలేదు. మామ అంతటివాడు నడిపించాడంటే నేనూ నడిపించగలను, అదొక్కటే మెదడులో తిరిగింది. సంతోషం కూడా వేసింది.

అత్తమ్మ అంతకంటే ముందుకు పోయింది. చెంగు దోపుకుని ఆ సాయంత్రమే నన్ను కోఠికి తీసుకెళ్లింది. పాత పుస్తకాల బండ్ల దగ్గర అడిగి అడిగి, చుక్కల పుస్తకం సంపాదించాం. రంగు చుక్కల మధ్య అంకె దాచి పెడతారు, కళ్లున్నవాళ్లకు కనిపిస్తుంది, మాలాంటి వాళ్లకు చుక్కలే. డాక్టర్లు చూపేది అదే పుస్తకం. "ఆయనకు బతుకంత నేనే చెప్పిన, నీకు చెప్పలేనా?" అంది అత్తమ్మ. వంటింట్లో పోపు పెడుతూనే ఒక్కో పేజీ తిప్పించి అంకె చెప్పేది. చుక్కల గుంపు ఏ మూల ఎట్లా ఉందో, పెద్ద చుక్క ఎక్కడుందో పట్టుకుని నేను గుర్తు పెట్టుకునేవాణ్ని. చింతపండు నానుతున్న వాసన వస్తే నాకు ఇప్పటికీ ఆ చుక్కలే కళ్ల ముందు కదులుతాయి. కొద్దిరోజుల్లో పేజీ ఎక్కడ తెరిచినా తడుముకోకుండా చెప్పేశాను. అత్తమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టి మెటికలు విరిచింది. మామ మాత్రం ఆ రోజుల్లో ఇంటి పట్టున ఉండటం మానేశాడు. నన్ను ప్రశ్నలు అడగడం కూడా మానేశాడు.

మెడికల్‌కు ముందు రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. అత్తమ్మ లోపల పడుకుంది. వరండాలో చాప మీద నేను, గోడకానుకుని మామ. ఏ యూనిట్ ట్రిప్పయిందో అనలేదు. విసనకర్ర పక్కన పెట్టి, "రేపు పోతవా?" అన్నాడు.

"పోత మామా. పుస్తకం మొత్తం వస్తది నాకు."

"పుస్తకం వస్తది. మరి దీపాలే మార్చి పెడితే?"

ఆయన నా వైపు చూడకుండా, సందులోకి చూస్తూ చెప్పాడు. "వానకాలం. తడిబొగ్గు. ఫీడర్ల బొగ్గుగడ్డ ఇరికింది. అంతకుముందే ప్యానెల్ విప్పి కడిగిన్రు, అత్తమ్మ మూతలు మార్చినట్టు ఎవడో దీపాలనే వైర్లతోని అటుదిటు బిగించిండు, ఎర్రది ఎడమకొచ్చింది. ఫోనొచ్చింది, ఫీడర్ ఆగిందా అని. ఎడమది వెలుగుతాంది. ఆగింది, చెయ్యి పెట్టు అన్న." విసనకర్ర తీసుకుని మళ్లీ కింద పెట్టాడు. "మిల్లు సప్పుడుకు ఫీడర్ సప్పుడు ఇనవడది. డోర్ తీస్తె దుమ్ము. గొలుసు నడుస్తాంది. కండ్లున్నోడు ఎవడైనా ఎర్రది వెలుగుతున్నదని చూస్తుండె. నేను చూడలె. ఫోన్ల అడిగింది మీ బాపేరా."

ఆ మాట నాకు వెంటనే తలకెక్కలేదు. ఎంక్వయిరీలో బాపు అడక్కుండా చెయ్యి పెట్టానన్నాడు కదా అన్నాను. "నన్ను కాపాడిండు" అన్నాడు మామ. "పని వత్తిడిల సరిగ్గ చూడలేదనుకున్నడు, పాపం. నాకు కనవడదని ఆయనకు తెల్వదు. తెలిస్తే నా మొహం మీద ఉమ్మేస్తుండె. ఆయన నేనే అడుగలేదు అన్నప్పుడు నేను ఆ గదిలనే ఉన్న. నోరు తెర్వలె. నౌకరి పోతదని." మామ ఏడ్చాడు. మగవాళ్లు ఏడిస్తే మొహం దాచుకుంటారు, ఆయన అదీ చేయలేదు. నాకు ఆయన మీద జాలి కలగలేదు, నిజం చెప్తున్నాను. ఆ చేత్తో బాపు చొక్కా గుండీ పెట్టుకోలేక అమ్మను పిలిచే పిలుపే నా చెవుల్లో ఉంది. లేచి వెళ్లిపోదామనుకున్నాను. ఎక్కడికి వెళ్తాను? ఆ ఊళ్లో నాకున్నది ఆ ఇల్లే.

మర్నాడు అత్తమ్మ నుదుట బొట్టు పెట్టి పంపింది. ఆస్పత్రి వరండాలో నాతో పాసైనవాళ్లంతా వరసగా నిలబడ్డారు. కొందరు అశోక్‌నగర్‌లో నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లే. నా వంతు వచ్చింది. డాక్టరు పుస్తకం తెరిచాడు, అదే పుస్తకం. మొదటి పేజీ ఎవరికైనా కనిపించేది, చెప్పాను. రెండో పేజీ తిప్పాడు. జవాబు నా నాలుక మీదే ఉంది, అత్తమ్మ గొంతుతో సహా. అది అనేస్తే చాలు, బాపు కోరిక తీరిపోతుంది. కానీ పెదవి కదిపేసరికి నాకు చుక్కలు కాదు, ఫోను పట్టుకుని జవాబు కోసం నిలబడ్డ మనిషి కనిపించాడు. రేపు నన్ను కూడా ఎవడో ఒకడు ఫోన్లో అడుగుతాడు, నా మాట నమ్మి చెయ్యి పెడతాడు. "కనవడతలేదు సార్" అన్నాను. డాక్టరు ఇంకో పేజీ తిప్పాడు. అదీ కనబడటం లేదన్నాను. ఆయన పెన్ను తీశాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఊరికి పోయి బాపుకు చెప్పడం ఇంకో నరకం. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కోడిని కోయడానికి పక్కింట్లోంచి కత్తి కూడా తెప్పించి పెట్టుకున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. కళ్లు పనికిరావన్నారని చెప్పాను. ఎందుకని అడిగాడు. ఎరుపూ పచ్చా తెలియడం లేదన్నాను. మామ ఊసు ఎత్తలేదు, ఎత్తకూడదనే పోయాను. బాపు కత్తి తీసి మంచం కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "మీ మామ లెక్కనే" అన్నాడు.

"నీకు తెల్సా?" అన్నాను.

"నా పెండ్లిల నాకు ఎర్రపాగ తెమ్మంటె పచ్చది తెచ్చి, ఎర్రదే అని అందరితోని కొట్లాడిండు. అప్పుడే తెల్సు." దగ్గు వచ్చి ఆగాడు. "తెల్సుండి గూడ ఆ పొద్దు ఆయన్నే అడిగిన. మావోడు గద, నాకు మంచే చెప్తడనుకున్న. ఇంకోన్ని అడిగితె అయిపోవు. మరి నాది తప్పు గాదా?"

అన్నేళ్లూ ఆయన తప్పు నాదే అంటుంటే తనను కాపాడుతున్నాడని మామ అనుకున్నాడు. కాపాడాడు, నిజమే. కానీ ఆ మాట ఆయన నమ్మే చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి తప్పు ఎవరు మోస్తున్నారు ఈ ఇంట్లో! ఇప్పుడే ఫోన్ చేసి మామకు చెప్తానని లేచాను. బాపు ఆ బొటనవేలితోనే నా చొక్కా పట్టుకున్నాడు. "వద్దు కొడకా. నాకు తెల్సని తెలిస్తె ఇంక మనింటికి రాడు. మీ అమ్మకు ఉన్నది ఒక్కడే అన్న." నేను చెప్పలేదు. మామ ఆ తర్వాత కూడా ప్రతి దసరాకు వచ్చేవాడు. జమ్మి ఆకు బాపు కుడిచేతిలో పెట్టి, ఎడమచేతి వైపు చూడకుండా కౌగిలించుకుని పోయేవాడు. ఒకరికి తెలుసనేది ఇంకొకరికి తెలియకుండానే ఇద్దరూ కలిసి భోజనం చేసేవారు.

నేను ఆపరేటర్‌ను కాలేదు. అశోక్‌నగర్‌లో ఏ కోచింగ్‌లో చదివానో అట్లాంటి దాంట్లోనే ఇప్పుడు థర్మల్ సబ్జెక్టు చెప్తాను. ఎప్పుడూ లోపలికి పోనివాడు లోపలికి పోవడం ఎట్లాగో చెప్తుంటాడు, అదీ నా నౌకరి. ఫ్లెక్సీలు ఇంకా పెద్దవయ్యాయి, గదులు ఇంకా చిన్నవయ్యాయి. రాష్ట్రం వచ్చింది, కరెంటు కోతలు పోయాయి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు మాత్రం అట్లాగే ఉంది. మా ఊరి పాత యూనిట్లను మూసేశారు. గోడ పొడుగు ప్యానెళ్లు పోయి కంప్యూటర్ తెరలొచ్చాయి, వాటి మీదా ఎర్రది నడుస్తున్నట్టే. ప్రతి కొత్త బ్యాచ్‌కూ మొదటి రోజే చెప్తాను, దీపం ఉన్న చోటును నమ్మకండి, కనిపించకపోతే కనిపించడం లేదని చెప్పండి అని. పిల్లలు ఇది పరీక్షలో వస్తుందా సార్ అని అడుగుతారు. రాదంటే రాసుకోవడం ఆపేస్తారు.

అటక మీద నుంచి దించిన బోర్డును అత్తమ్మ తడిబట్టతో తుడిచి బాపు ముందు పెట్టింది. బాపుకు దాని సంగతి తెలియదు. ఇదేమిటని అడిగితే నేనే చెప్పాను, ప్యానెల్ ఇట్లాగే ఉంటుందని. అంతకాలం ఆ స్టేషన్‌లో పనిచేసిన మనిషి ప్యానెల్ ఎట్లా ఉంటుందో అప్పుడే చూశాడు. "పెట్టు జర, చూస్త" అన్నాడు. ప్లగ్గు పెట్టి స్విచ్‌లు వేశాను. పాత బల్బులు, ఒకటి రెండు వెలగలేదు. వెలిగినవి నాకు ఎప్పటిలాగే ఒకే రంగు. బాపు ముందుకు వంగి, ఆ బొటనవేలితో ఒక్కోదాన్నీ తాకుతూ, "ఇది ఎర్రది. ఇది పచ్చది. ఇది ఎర్రది" అని పైకే చెప్పుకున్నాడు, తడుముకోకుండా. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు మంచిగనే కనవడ్తయి" అన్నాడు బాపు. "ఆయన పక్కన నేను కూసునుంటే అయిపోవు. లేబరోల్లను లోపలికి రానియ్యకపోదురు."

నేను ప్లగ్గు తీసేశాను. బిల్డరు మనుషులు సామాను కోసం బయట నిలబడి ఉన్నారు.